చనిపోయిన రాజు పేరుతో వెండి నాణేలు: అలెగ్జాండర్ టెట్రాడ్రాక్మాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అలెగ్జాండర్ పేరున్న వెండి నాణెం చేతిలో పెట్టగానే అందరూ అడిగే మొదటి మాట ఒకటే: "ఇది ఆయన కాలం నాటిదేనా?" చాలాసార్లు కాదనే చెప్పాల్సి వస్తుంది. అడిగినవాళ్ల ముఖం చిన్నబోతుంది. నాకైతే ఆయన పోయాక వేసిన నాణేలే ఎక్కువ ఇష్టం. ఎందుకో కింది జవాబుల్లో చెప్తాను.

చనిపోయిన రాజు పేరుతో నాణేలు వేయడం ఏంటి?

అలెగ్జాండర్ క్రీ.పూ. 323 జూన్‌లో బాబిలోన్‌లో చనిపోయాడు. అప్పటికి ఆయనకు 33 ఏళ్లు కూడా నిండలేదు. రాజు పోయినా ఆయన పేరు, ఆయన పెట్టిన బొమ్మలు, ఆయన ఖాయం చేసిన తూకంతో నాణేలు వేయడం ఆగలేదు. మొదట ఆయన సేనానులు వేశారు. తర్వాత వాళ్ల కొడుకులు, మనవలు వేశారు. ఆ తర్వాత ఏ రాజు మాటా వినక్కర్లేని నగరాలు కూడా వేశాయి. నల్ల సముద్రం ఒడ్డున ఉన్న ఒడెస్సోస్, మెసెంబ్రియా (ఇప్పటి బల్గేరియాలోని వార్నా, నెసెబర్) క్రీ.పూ. 1వ శతాబ్దంలో కూడా ఈ నాణేలు కొట్టాయి. లెక్క చూస్తే దాదాపు 250 ఏళ్లు.

అలెగ్జాండర్ ఒక్కడికే ఇలా జరగలేదు. ఆయన తండ్రి రెండో ఫిలిప్ క్రీ.పూ. 336లో హత్యకు గురయ్యాక కూడా ఆయన పేరుతో నాణేలు పడ్డాయి. అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడైన లైసిమాకస్, తర్వాతి కాలపు సిరియా రాజు ఫిలిప్, కాబూల్ లోయను ఏలిన హెర్మేయస్ పేర్లతోనూ అంతే. కానీ ఇన్ని ఊళ్లలో, ఇన్నాళ్లు నడిచింది అలెగ్జాండర్ నాణెమే.

టెట్రాడ్రాక్మా అంటే ఎంత?

"టెట్రా" అంటే నాలుగు. నాలుగు డ్రాక్మాల నాణెం. డ్రాక్మా సుమారు 4.3 గ్రాములు, టెట్రాడ్రాక్మా సుమారు 17.2 గ్రాములు. పాత లెక్కలో తులం 11.66 గ్రాములు కాబట్టి దాదాపు తులంన్నర వెండి. మన పది రూపాయల బిళ్లలు రెండు కలిపి పట్టుకుంటే 15 గ్రాముల పైచిలుకు ఉంటాయి, దానికన్నా ఇది ఇంకాస్త బరువు. ఈ తూకం అలెగ్జాండర్ సొంతంగా కనిపెట్టింది కాదు, ఏథెన్స్‌ది. గుడ్లగూబ బొమ్మ ఉన్న ఏథెన్స్ నాణేలు అప్పటికే సముద్రం చుట్టూ నమ్మకంగా చెల్లుతున్నాయి. తండ్రి ఫిలిప్ వెండి నాణెం సుమారు 14.4 గ్రాములే. కొడుకు దాన్ని వదిలి ఏథెన్స్ తూకం పట్టాడు. తర్వాత జరిగినదానికంతటికీ మూలం ఈ నిర్ణయమే.

బొమ్మ వైపు ఏముంది, బొరుసు వైపు ఏముంది?

నా దగ్గరున్నది ఆస్పెండోస్ ఊరి నాణెం. ఇప్పటి టర్కీ దక్షిణ తీరంలో ఉంది ఆ ఊరు. దాన్ని చూస్తూనే చెప్తాను.

బొమ్మ వైపు గ్రీకు పురాణ వీరుడు హెరాక్లిస్ తల, కుడివైపు చూస్తూ. తల మీద సింహం తోలు. నెమియా సింహాన్ని ఒట్టి చేతులతో చంపి దాని తోలు ఒలిచి కప్పుకున్నాడని గ్రీకుల పురాణం. సింహం పై దవడ ఆయన నుదుటి మీదికి వస్తుంది, దాని చెవి ఆయన చెవికి పైన ఉంటుంది, ముందు కాళ్లు రెండూ మెడ కింద ముడి వేసి ఉంటాయి. భూతద్దం పెడితే జూలు వెంట్రుకలు పాయలు పాయలుగా కనిపిస్తాయి. నా నాణెంలో చెంప ఎముక దగ్గర అరిగిపోయింది. అచ్చులో అన్నిటికన్నా ఎత్తుగా వచ్చే చోటు అదే, అందుకే ముందు అరిగేదీ అదే.

బొరుసు వైపు గ్రీకు దేవతల రాజు జ్యూస్ సింహాసనం మీద కూర్చున్నాడు, ఎడమవైపు తిరిగి. నడుం పైన బట్ట లేదు. చాచిన కుడిచేతి మీద గద్ద, ఎడమచేతిలో పొడవాటి రాజదండం. ఆయన వీపు వెనక పైనుంచి కిందికి గ్రీకు అక్షరాల్లో "అలెగ్జాండ్రూ" అని రాసి ఉంటుంది. "అలెగ్జాండర్‌ది" అని దాని అర్థం. మన భాషలో చివర "ది" చేర్చినట్టే వాళ్లు పేరు చివర మార్చి చెప్తారు. కొన్నిటి మీద "బసిలియోస్" అని కూడా ఉంటుంది, అంటే "రాజుది".

ఇక జ్యూస్ ముందు ఉన్న ఖాళీలో రెండు చిన్న అక్షరాలు: ఆల్ఫా, సిగ్మా. "ఆస్" అన్నమాట, ఆస్పెండోస్‌కు పొట్టి పేరు. దాని కిందే ఇంకో అక్షరం ఉంది, అది సంవత్సరం సంఖ్య. కొత్తవాళ్లు పెద్ద బొమ్మ చూసి ఆగిపోతారు. నాణెం తన అసలు ఊరు, ఈడు చెప్పేది ఆ గింజంత అక్షరాల్లోనే.

ఆ తల అలెగ్జాండర్‌దే కదా?

హెరాక్లిస్‌ది. మాసిడోనియా రాజులు తమది హెరాక్లిస్ వంశమని చెప్పుకునేవాళ్లు, అందుకే అలెగ్జాండర్‌కు ముందు రాజుల నాణేల మీద కూడా హెరాక్లిస్ ఉన్నాడు. అయితే కాలం గడిచేకొద్దీ జనం ఆ ముఖంలో అలెగ్జాండర్‌నే చూసుకున్నారు. కొందరు చెక్కేవాళ్లు పోలికలు కలిపారనిపించే నాణేలు కూడా ఉన్నాయి. ఒడెస్సోస్‌లో చివర్లో వేసిన వాటి మీద హెరాక్లిస్ ముఖం నల్ల సముద్రం దక్షిణ ఒడ్డున ఉన్న పాంటస్ రాజ్యపు రాజు మిత్రడేటిస్ పోలికలతో ఉంటుంది. సింహం తోలు మాత్రం మారలేదు, కింద ముఖం మారుతూ వచ్చింది.

చనిపోయాక కూడా ఆయన పేరే ఎందుకు? సొంత పేరు వేసుకోవచ్చు కదా?

ఇది అసలు ప్రశ్న. ఒక్క కారణంతో జవాబు చెప్పలేం.

క్రీ.పూ. 323లో ఎవరికీ సొంత పేరు వేసే హక్కు లేదు. రాజ్యం పేరుకు అలెగ్జాండర్ సవతి అన్న అరిడియస్‌ది. ఆయన్ని మూడో ఫిలిప్ అన్నారు. అలెగ్జాండర్ చనిపోయాక పుట్టిన కొడుకు, నాలుగో అలెగ్జాండర్, పేరుకు రెండో రాజు. ఒకరు పాలించలేని స్థితిలో ఉన్నారు, ఇంకొకరు పసివాడు. సేనానులంతా వాళ్ల తరఫున పాలిస్తున్నట్టు నడుచుకోవాలి. అప్పుడు నాణెం మీద సేనాని తన పేరు వేసుకోవడం తిరుగుబాటుతో సమానం. కొన్ని టంకశాలలు ఫిలిప్ పేరు వేశాయి. క్రీ.పూ. 317లో ఆయన్ని చంపేశాక మళ్లీ అలెగ్జాండర్ పేరుకే వచ్చాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. పిల్లవాడి పేరు కూడా అలెగ్జాండరే. ఆ పిల్లవాణ్ణి క్రీ.పూ. 310 ప్రాంతంలో హత్య చేసేదాకా "అలెగ్జాండర్‌ది" అంటే తండ్రిదా కొడుకుదా అని అడిగితే రెండు రకాలుగానూ చెప్పుకోవచ్చు. సేనానులకు అదే సౌకర్యం.

తర్వాతిది సైనికుల జీతం. వీళ్లంతా ఒకరితో ఒకరు 40 ఏళ్లపాటు యుద్ధాలు చేశారు. కూలికి పోరాడే సైనికుడికి రోజుకు ఒక డ్రాక్మా అటూ ఇటూగా ఇవ్వాలి. వాడు ఈ ఏడు ఒకరి దగ్గర, వచ్చే ఏడు ఇంకొకరి దగ్గర ఉంటాడు. తీసుకున్న జీతం సొంతూళ్లో చెల్లాలి. తనకు తెలియని రాజు పేరున్న కొత్త బిళ్ల ఇస్తే పుచ్చుకోడు, లేదా తక్కువ లెక్కకు పుచ్చుకుంటాడు. సింహం తోలు తల కనిపిస్తే తూచకుండానే జేబులో వేసుకుంటాడు.

అన్నిటికన్నా పెద్ద కారణం అప్పటికే జనం చేతుల్లో ఉన్న నాణేల రాశి. పర్షియా ఖజానాలు అలెగ్జాండర్‌కు దొరికినప్పుడు సూసాలో 40,000 టాలెంట్లకు పైగా పోత వెండి బంగారాలు, పర్సెపోలిస్‌లో 120,000 టాలెంట్ల విలువ గల సొత్తు ఉన్నాయని ప్రాచీన చరిత్రకారుడు డయోడోరస్ రాశాడు. ఒక టాలెంట్ 6,000 డ్రాక్మాలు, అంటే 1,500 టెట్రాడ్రాక్మాలు. ఆయన లెక్క అటూ ఇటూ అయినా, ఆ సొత్తులో ఎంతో భాగం కరిగి ఇవే బొమ్మలతో బజారులోకి వచ్చింది. మాసిడోనియాలో ఆంఫిపోలిస్, ఇప్పటి టర్కీ దక్షిణ తీరాన టార్సస్, ఫినీషియా (ఇప్పటి లెబనాన్ తీరం) ఊళ్లు, బాబిలోన్, ఈజిప్టులో మెంఫిస్, ఇలా ఎన్నో టంకశాలల్లో ఒకే బొమ్మ పడింది. ఈజిప్టులోని డమన్‌హూర్ దగ్గర 1905లో దొరికిన ఒక్క నిధిలోనే సుమారు 8,000 అలెగ్జాండర్ టెట్రాడ్రాక్మాలున్నాయి. అది క్రీ.పూ. 318 ప్రాంతంలో పాతిపెట్టిన నిధి. ఇంత సరుకు చలామణిలో ఉండగా కొత్త బొమ్మ తెచ్చి నమ్మించడం ఎవరి తరం? ఉన్న బొమ్మే వేసుకుంటే ఆ నమ్మకం పైసా ఖర్చు లేకుండా వస్తుంది.

అలా అయితే స్వతంత్ర నగరాలు ఎందుకు వేశాయి? వాళ్లకు రాజుతో పనేముంది?

రాజుతో పని లేదు, తూకంతో పని ఉంది. రోడ్స్ దీవిని చూడండి. వాళ్లకు గులాబీ పువ్వు బొమ్మతో సొంత నాణెం ఉంది, కానీ అది తేలిక, టెట్రాడ్రాక్మా 13 గ్రాముల పైచిలుకు. ఊళ్లో వాడుకోవడానికి అది చాలు. బయటివాళ్లకు పెద్ద మొత్తాలు చెల్లించాల్సి వచ్చినప్పుడు, క్రీ.పూ. 200 అటూ ఇటూ ఏళ్లలో, అదే ఊరు అలెగ్జాండర్ నాణేలు కొట్టింది. వాటి మీద జ్యూస్ ముందు చిన్న గులాబీ ఉంటుంది. ఊరి గౌరవం ఆ పువ్వులో ఉంది, చెల్లుబాటు అలెగ్జాండర్ పేరులో ఉంది.

కియోస్ స్ఫింక్స్ బొమ్మ పెట్టింది, ఎఫెసస్ తేనెటీగను, మైలేటస్ వెనక్కి తిరిగి చూసే సింహాన్ని, టెమ్నోస్ ద్రాక్ష తీగ చుట్టుకున్న కూజాను, మెసెంబ్రియా శిరస్త్రాణాన్ని, అరాడస్ తాటి చెట్టు లాంటి ఖర్జూరపు చెట్టును. అందరికీ ఒకే జ్యూస్, ఒకే పేరు. ఈ చిన్న గుర్తుల్ని వెతుక్కుంటూ పోతే ఆ కాలపు రేవు పట్టణాలన్నీ మీ టేబుల్ మీదికి వస్తాయి. నన్ను ఈ నాణేల వైపు లాగింది ఇదే.

సేనానులు తమ పేరు ఎప్పుడు వేసుకున్నారు?

క్రీ.పూ. 306లో ఆంటిగోనస్, ఆయన కొడుకు డిమెట్రియస్ రాజులమని ప్రకటించుకున్నారు. ఏడాది రెండేళ్లలో టాలమీ, సెల్యూకస్, లైసిమాకస్ కూడా అదే పని చేశారు. తర్వాత కూడా సెల్యూకస్ చాలాకాలం అలెగ్జాండర్ బొమ్మలు వదల్లేదు, పేరు మాత్రం కొన్నిచోట్ల తనది పెట్టుకున్నాడు. అందరికన్నా తొందరపడింది టాలమీ. ఈజిప్టులో ఆయన క్రీ.పూ. 320 ప్రాంతానికే హెరాక్లిస్‌ను తీసేసి, ఏనుగు తల తోలు కప్పుకున్న అలెగ్జాండర్ ముఖం పెట్టాడు. తర్వాత నాణెం బరువు కూడా తగ్గించాడు. బయటి నాణేలు ఈజిప్టులోకి వస్తే మార్చుకోవాల్సిందే. అలా తలుపులు మూసుకోగలిగినవాడికే సొంత బొమ్మ కుదిరింది. అందరితో వ్యాపారం నడవాలనుకున్నవాళ్లు అలెగ్జాండర్‌ను పట్టుకుని ఉన్నారు.

లైసిమాకస్ నాణెం సంగతేంటి? ఆయన కూడా చనిపోయాక వేశారంటారు?

అవును. లైసిమాకస్ క్రీ.పూ. 297 నుంచి కొత్త నాణెం వేశాడు. బొమ్మ వైపు చెవి దగ్గర పొట్టేలు కొమ్ము వంపు తిరిగిన అలెగ్జాండర్ తల, అంటే అమ్మోన్ దేవుడి కొడుకుగా అలెగ్జాండర్. బొరుసు వైపు కూర్చున్న ఎథీనా దేవత, "రాజు లైసిమాకస్‌ది" అనే రాత. గ్రీకు నాణేల్లో ఇంతకన్నా అందమైన ముఖం చూడలేదని నా అభిప్రాయం. పైకి ఎత్తిన కన్ను, నుదుటి మీద నుంచి లేచి పడే జుట్టు.

లైసిమాకస్ క్రీ.పూ. 281లో కోరుపీడియం యుద్ధంలో చనిపోయాడు. ఆయన రాజ్యం ఆయనతోనే పోయింది. కానీ బైజాంటియం (ఇప్పటి ఇస్తాంబుల్), ఎదురొడ్డున ఉన్న కాల్కడాన్, నల్ల సముద్రం రేవులు ఆ నాణేన్ని క్రీ.పూ. 1వ శతాబ్దం దాకా వేస్తూనే ఉన్నాయి. బైజాంటియం వాటి మీద ఎథీనా సింహాసనం కింద త్రిశూలం ఉంటుంది. ఒకవైపు చనిపోయిన రాజు ముఖం, రెండోవైపు చనిపోయిన ఇంకో రాజు పేరు. చివరి తరం వాటిలో ఆ అందమైన ముఖం గీతలు, చుక్కలుగా మిగిలిపోయింది. పక్కపక్కన పెట్టి చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

నా దగ్గరున్నది బతికుండగా వేసిందా, తర్వాతదా? ఎలా తెలుసుకోవాలి?

పైపైన చూసి చెప్పగలిగేవి కొన్ని ఉన్నాయి, ఏ ఒక్కదాన్నీ పట్టుకుని తీర్పు చెప్పకండి.

ముందు ఆకారం. తొలినాటివి మందంగా, చిన్నగా ఉంటాయి, వెడల్పు 25, 26 మిల్లీమీటర్లు. క్రీ.పూ. 2వ శతాబ్దపువి పల్చగా, వెడల్పుగా పరుచుకుని ఉంటాయి, 30 దాటి కొన్ని 35 మిల్లీమీటర్ల దాకా. ఒకటి గారె లాంటిదైతే ఇంకోటి అప్పచ్చి లాంటిది. వెండి మాత్రం ఇంచుమించు అంతే. వెడల్పాటిది కనిపిస్తే తర్వాతదేనని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు.

తర్వాత జ్యూస్ కాళ్లు. తొలి నాణేల్లో రెండు కాళ్లూ పక్కపక్కన ఉంటాయి, తర్వాతి వాటిలో ఒక కాలు వెనక్కి లాక్కుని ఉంటుంది. దీన్నే చాలామంది సూత్రంలా బట్టీ పడతారు. ఫినీషియా, ఈజిప్టు టంకశాలల్లో ఆయన బతికుండగానే కాలు వెనక్కి వెళ్లింది. కాబట్టి కాళ్లు చూసి ఖాయం చేయొద్దు. "రాజుది" అనే మాట కూడా అంతే. కొన్ని తూర్పు టంకశాలల్లో ఆయన చివరి ఏళ్లలోనే మొదలైంది, తర్వాత కొన్నిచోట్ల ఉంది, కొన్నిచోట్ల లేదు.

గట్టి ఆధారం చిన్న గుర్తులే: జ్యూస్ ముందు ఉన్నది, సింహాసనం కింద ఉన్నది. ఆ రెండూ కలిస్తే టంకశాల, కాలం తెలుస్తాయి. వాటిని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన మార్టిన్ ప్రైస్ 1991లో ఒక జాబితాగా అచ్చు వేయించాడు. వేలం పాటల్లో "ప్రైస్ నంబర్" అని చెప్పేది ఆ సంఖ్యే. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ "పెల్లా" పేరుతో దీన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది, ఫొటోలతో సహా. గుర్తు ఎంచుకుని వెతకొచ్చు. ఓ గంట కూర్చుంటే మీ నాణెం ఊరు దొరుకుతుంది.

అచ్చు ఎలా వేసేవాళ్లు? ఏ రెండు నాణేలూ ఒకేలా ఎందుకు ఉండవు?

బొమ్మ వైపు అచ్చు దిమ్మెలో బిగించి ఉంటుంది. బొరుసు వైపు అచ్చు చేతిలో పట్టుకునే కడ్డీ చివర ఉంటుంది. వేడి చేసిన వెండి బిళ్లను మధ్యలో పెట్టి సుత్తితో కొడతారు. సుత్తి దెబ్బ నేరుగా తగిలే బొరుసు అచ్చు తొందరగా పగిలిపోతుంది, కింద ఉన్నది ఎక్కువకాలం నిలుస్తుంది. అందుకే ఒకే బొమ్మ అచ్చుకు రకరకాల బొరుసులు కనిపిస్తాయి. పరిశోధకులు ఈ జతల్ని కలుపుకుంటూ పోయి ఏది ముందు, ఏది తర్వాత అని వరస తేలుస్తారు. కొన్నిసార్లు రెండు వేరే ఊళ్ల గుర్తులనుకున్నవి ఒకే బొమ్మ అచ్చుతో పడ్డాయని తేలుతుంది, అప్పుడు పాత లెక్కలన్నీ తిరగరాయాలి.

నాణెం ముఖం మీద ఎవరో లంగరు బొమ్మ కొట్టారు. పాడైనట్టేనా?

పాడు కాలేదు, దాని కథ పెరిగింది. నా ఆస్పెండోస్ నాణెం మీద కూడా ఆ ముద్ర ఉంది: చిన్న గుంటలో లంగరు. లంగరు సెల్యూకస్ వంశం గుర్తు. ఆస్పెండోస్, పెర్గే, ఫాసెలిస్, సైడ్ ఊళ్ల నాణేలు క్రీ.పూ. 2వ శతాబ్దంలో సిరియా వైపు వెళ్లినప్పుడు, అక్కడి అధికారులు ఈ ముద్ర కొట్టి చలామణికి ఒప్పుకున్నారు. బొమ్మ అలెగ్జాండర్‌ది, ఊరు ఆస్పెండోస్, ఒప్పుకున్నది సెల్యూకస్ వారసులు. ముగ్గురి మాటా ఒక్క బిళ్ల మీద ఉంది. కొంతమంది డీలర్లు ఇలాంటి వాటికి తక్కువ ధర పెడతారు. నాలాంటివాళ్లకు అది మంచిదే.

రాజు లేడు, పేరు ఉంది. ఇది ఒకరకంగా దొంగ నాణెమే కదా?

ఈ మాట నేను ఒప్పుకోను. దొంగ నాణెం అంటే వెండి అని చెప్పి రాగి అంటగట్టడం. అలాంటివి ఆ రోజుల్లోనూ ఉన్నాయి, రాగి బిళ్లకు పైన వెండి రేకు తొడిగినవి. అరిగిన చోట ఆకుపచ్చగా బయటపడతాయి. కొన్ని పాత నాణేల అంచున ఉలి గాటు ఉంటుంది, లోపల వెండేనా అని అప్పటి వ్యాపారి చేసిన పరీక్ష అది. ఆస్పెండోస్‌వాళ్లు తీసుకున్నవాణ్ణి మోసం చేయలేదు. పూర్తి వెండి ఇచ్చారు, తమ ఊరి గుర్తు, సంవత్సరం కూడా వేశారు. ఆ రాజు 100 ఏళ్ల కిందట పోయాడని ఇచ్చేవాడికీ తెలుసు, పుచ్చుకునేవాడికీ తెలుసు. పేరు అప్పటికి ఒక తూకానికి గుర్తు.

వెండి తగ్గించినవాళ్లు వేరే ఉన్నారు. సిరియాను క్రీ.పూ. 64లో రోమన్లు పట్టుకున్నాక, అంటియోక్‌లో చనిపోయిన సెల్యూకస్ వంశపు రాజు ఫిలిప్ ఫిలడెల్ఫస్ ముఖంతో టెట్రాడ్రాక్మాలు వేశారు. రోమన్ గవర్నర్లు తమ పేరును ఓ మూల కలిపిరాతగా పెట్టుకున్నారు. అగస్టస్ కాలం దాకా ఇది నడిచింది. బరువూ వెండీ తగ్గుతూ వచ్చాయి. స్థానిక జనానికి అలవాటైన ముఖాన్ని కొత్త యజమాని ముసుగులా వాడుకోవడం అక్కడ కనిపిస్తుంది.

మన దేశంలో ఇలాంటివి జరిగాయా?

జరిగాయి. ముందు పొరుగున ఉన్న కాబూల్ లోయ (ఇప్పటి అఫ్గానిస్తాన్) సంగతి. అక్కడ చివరి గ్రీకు రాజు హెర్మేయస్. ఆయన క్రీ.పూ. 1వ శతాబ్దం తొలి భాగంలో పోయాక, ఆ ప్రాంతాన్ని పట్టుకున్న సంచార తెగలు ఆయన పేరుతోనే నాణేలు వేశాయి. ఒకవైపు గ్రీకు లిపి, రెండోవైపు ఖరోష్ఠి లిపి. ఏళ్లు గడిచేకొద్దీ వెండి పోయి రాగి మిగిలింది, గ్రీకు అక్షరాలు అర్థం తెలియనివాడు చూసి రాసినట్టు తప్పులతడకగా తయారయ్యాయి. చివరికి కుషాణు రాజు కుజుల కడ్ఫిసిస్ ఒకవైపు హెర్మేయస్ పేరు ఉంచి, రెండోవైపు తన పేరు వేసుకున్నాడు. ఆ రెండోవైపు బొమ్మ ఎవరిదో తెలుసా? గద, సింహం తోలు పట్టుకుని నిలబడ్డ హెరాక్లిస్.

మన ఆంధ్ర జిల్లాల్లోకి వస్తే, మద్రాసు ప్రెసిడెన్సీలో ఈస్టిండియా కంపెనీ వేసిన ఆర్కాటు రూపాయి ఇదే కోవలోది. దాని మీద మొఘల్ చక్రవర్తి రెండో ఆలంగీర్ పేరు, హిజ్రీ 1172, ఆరో పాలనా సంవత్సరం. ఆలంగీర్‌ను 1759లో చంపేశారు. కంపెనీ మాత్రం 1835లో అందరికీ ఒకే రూపాయి తెచ్చేదాకా అదే పేరు, అదే సంవత్సరం వేస్తూ పోయింది. బెంగాల్‌లో షా ఆలం పేరుతో 19వ పాలనా సంవత్సరం దగ్గర ఆపేశారు, ఆయన 1806లో పోయాక కూడా అది మారలేదు. కారణం రోడ్స్‌కు ఉన్నదే: షరాబు (నాణేలు మార్చే వ్యాపారి) అలవాటైన బిళ్లకు వట్టం (తగ్గింపు) తియ్యడు.

దీనికి పూర్తిగా ఎదురు కథ శాతవాహనులది. నాసిక్ దగ్గర జోగళ్‌తంబిలో 1906లో 13,000కు పైగా వెండి నాణేలు దొరికాయి. క్షహరాట వంశపు రాజు నహపాణుడివి, ఆయన ముఖం చుట్టూ గ్రీకు అక్షరాలు కూడా ఉన్నాయి. వాటిలో 9,000కు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. వెండి అదే ఉంచి, ఓడినవాడి ముఖం మీద తన పేరు ఎక్కించాడు. కొన్నిటిలో రెండూ కనిపిస్తాయి: కింద నహపాణుడి ముక్కు, పైన శాతకర్ణి పేరు.

గల్ఫ్‌లో ఉంటున్నాం. దగ్గర్లో చూడదగ్గవి ఉన్నాయా?

ఉన్నాయి. షార్జాలోని మ్లేహాలో ఒక కుండలో 409 వెండి నాణేలు దొరికాయని అక్కడి పురావస్తు శాఖ 2021లో ప్రకటించింది. క్రీ.పూ. 3వ శతాబ్దం నాటివి, ఒక్కొక్కటి 16, 17 గ్రాములు. తూర్పు అరేబియాలో అలెగ్జాండర్ నాణేన్ని చూసి స్థానికంగా వేసుకున్నారు. హెరాక్లిస్, కూర్చున్న జ్యూస్ అలాగే ఉన్నారు, రాత మాత్రం కొన్నిటి మీద అరమాయిక్‌లోకి మారింది, "అబియెల్" అనే పేరు వస్తుంది. జ్యూస్ చేతిలోని గద్ద కొన్నిటిలో గుర్రంలా కనిపిస్తుంది. అలెగ్జాండర్ ఎన్నడూ అడుగుపెట్టని చోటికి ఆయన నాణెం వెళ్లింది. మీరు రోజూ వాడే "దిర్హమ్" అనే మాట కూడా డ్రాక్మా నుంచి వచ్చిందే.

ఒకటి కొనాలనుకుంటున్నాను. ఏం చూసుకోవాలి?

నేను మొదట కొన్న డ్రాక్మా నకిలీది, ఆ టెన్షన్ నాకు తెలుసు. ఫొటోలో బాగానే ఉంది. చేతికి వచ్చాక తూచితే 3.1 గ్రాములు. అంచు చుట్టూ గోరు జరిపితే సన్నటి గీత తగిలింది. రెండు ముక్కల మూసలో పోసినప్పుడు కలిసిన చోట వచ్చే గీత అది. సుత్తితో కొట్టిన నాణేనికి ఆ గీత ఉండదు, అంచు పగుళ్లుంటాయి. భూతద్దంలో చూస్తే సూది మొనంత బుడగలు కూడా కనిపించాయి.

కాబట్టి ముందు తూకం. తర్వాత నీళ్ల పరీక్ష: నాణేన్ని దారంతో కట్టి, తూకం మీద పెట్టిన గ్లాసు నీళ్లలో అడుగుకు తగలకుండా వేలాడదీయండి. మంచి వెండి టెట్రాడ్రాక్మా 17 గ్రాములుంటే తూకం సుమారు 1.6 గ్రాములు పెరగాలి. రాగి అయితే 1.9 దాకా వెళ్తుంది. ఈ పరీక్ష లోహాన్ని చెప్తుంది, కాలాన్ని చెప్పదు. అసలు వెండితో, చెక్కిన అచ్చులతో కొట్టిన ఆధునిక నకిలీలు ఉన్నాయి. 19వ శతాబ్దం తొలి రోజుల్లో జర్మనీలో కార్ల్ బెకర్ చేసిన నకిలీలు మ్యూజియంలనే మోసం చేశాయి. అందుకే అమ్మేవాడు రాతపూర్వకంగా హామీ ఇచ్చి, ఎక్కడి నుంచి వచ్చిందో కాగితాలు చూపించగలిగితేనే కొనండి. పాత వేలం పాట జాబితాలో ఫొటో ఉంటే ఇంకా మంచిది. కాగితాలు లేని నాణెం ఎక్కడో ఒక తవ్వకం స్థలాన్ని నాశనం చేసి వచ్చి ఉండొచ్చు. ఆ నాణెం పక్కన ఏముందో ఇక ఎవరికీ తెలియదు.

టర్కీ, గ్రీస్, ఈజిప్టు టూర్లకు వెళ్లినప్పుడు శిథిలాల దగ్గర ఎవరైనా "పాత నాణెం" అని చేతిలో పెడితే తీసుకోవద్దు. నకిలీ అయితే డబ్బు పోతుంది, అసలైతే ఎయిర్‌పోర్టులో కేసు అవుతుంది.

మన చట్టం ఏమంటుంది?

100 ఏళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువు. మనలాంటివాళ్లు సొంతంగా దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న కొడుక్కి తాతగారి నాణేలు పంపిద్దామనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో నాణేలు దొరికితే 1878 నాటి నిధి చట్టం ప్రకారం కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. విలువ 10 రూపాయలు దాటితే చాలు, ఆ చట్టం వర్తిస్తుంది. పంచుకోవడం, కరిగించడం చేయకండి.

నల్లబడింది. చింతపండుతో తోమవచ్చా?

వద్దు. వెండి గిన్నెలకు చింతపండు, ముగ్గు సరే. నాణేనికి ఆ నలుపు 2,000 ఏళ్ల పొర. తోమితే తళతళలాడుతుంది గానీ జ్యూస్ ముందు ఉన్న చిన్న అక్షరాలు, ఉన్న కాస్తా అరిగిపోతాయి. మట్టి అంటుకుని ఉంటే ఫిల్టర్ నీళ్లలో నానబెట్టి మెత్తటి గుడ్డతో అద్దండి, అంతే. అంచులు పట్టుకుని తీయండి, ప్లాస్టిక్ కవర్లలో కాకుండా యాసిడ్ లేని కాగితపు కవర్లో పెట్టండి. ఆ కవర్ మీద బరువు, వెడల్పు, ప్రైస్ నంబర్, ఎక్కడ ఎప్పుడు కొన్నారో పెన్సిల్‌తో రాసిపెట్టండి.